ఒంటిచేతి చీర

దిల్షాద్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, ఏదో ఒక పొద్దున తన కుడిచేయి లేవకుండా పోతుందని, అమ్మకు అలాగే పోయింది, ముందురోజు వరకు జొన్నరొట్టెలు తట్టిన చేయి తెల్లారేసరికి మంచం మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది, తనకూ అలా అయితే కూతురు షబీనా బడి మానేసి తనకు చేయి అవుతుందని, ఏడేళ్ళ పిల్ల, రెండో తరగతి, ఛీ, ఇదంతా ఇప్పుడా గుర్తుకు రావడం, పదకొండు కావస్తోంది, కర్నూలు ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చుంది, గుండ్రటి లైటు ఎదురుగా అమ్మ హుస్సేన్ బీ నిలబడి ఉంది, నిండు చేతుల జాకెట్టు, లంగా, పైన దుప్పట్టా, ఎడమచేత్తో కుర్చీని గట్టిగా పట్టుకుని, భర్త అక్బర్ ఫోనును స్టాండుకు బిగించి వేలు పైకెత్తాడు, లైవు మొదలైంది, ఆరువేల మంది, ఏడువేలు, తెర మీద మాటలు చీమల బారులా పైకి ఎక్కిపోతున్నాయి, వీళ్ళందరి ముందు అమ్మ ఒక్క చేత్తో చీర కట్టుకోవాలి, కట్టుకోలేకపోతే నాలుగేళ్ళుగా తాను చెప్పిందంతా అబద్ధం, అది పోతే పోనీ, రేపటి నుంచి పొద్దున్నే అమ్మ పక్కన నిలబడేది ఎవరు.

నువ్వు ముట్టుకోగాకు అంది అమ్మ ఇందాకే, నేను కింద పడినా సరే, దగ్గరికి రాగాకు, దిల్షాద్ సరే అంది గానీ చేతులు సరే అనలేదు, ఈ ఒంటికి చీర చుట్టడం కోయిలకుంట్లలో మొదలుపెట్టిన చేతులవి, తొమ్మిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షలకు ముందు, అమ్మను గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలితో మోకాలిని ఆపి, కుచ్చిళ్ళు తీస్తుంటే బయట వీధిలో బడికి పోయే పిల్లల నవ్వులు, నాన్న అన్నాడు నాలుగు దినాలు ఆగి పోదువులే పాపా అని, ఆ నాలుగు దినాలు ఈరోజుకూ అయిపోలేదు, నాన్నే అయిపోయాడు, సైన్సు నోటుబుక్కులో గుండె బొమ్మ సగం గీసి ఆపింది, ఆ సగం ఎలా ఉంటుందో ఇప్పుడు అడిగితే చెప్పలేదు గానీ ఎంత జారే చీరనైనా, కూర్చున్న మనిషికైనా పండుకున్న మనిషికైనా, కళ్ళు మూసుకుని కట్టగలదు, ఆ విద్యకు ఎవరూ మార్కులు వేయలేదు.

మార్కులు కాదు, మొదట తిట్లు వేశారు, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, పెళ్ళయి అమ్మను వెంటపెట్టుకుని కర్నూలు వచ్చాక, షబీనాకు మూడేళ్ళప్పుడు, అక్బర్ పాత ఫోను కిటికీకి ఆనించి చీరకట్టు వీడియోలు పెట్టింది, ముందు కెమెరా కుడిని ఎడమగా చూపిస్తుందని ఎవరు చెప్పారు తనకు, ఏందక్కా పైట కుడి భుజం మీదేసుకుంటాండావు, ఇది ఏ ఊరి కట్టు, మీ ఆయప్పకన్నా తెలీదా చెప్పేకి, అక్బర్ ఆటో తోలుకుని వచ్చి అవన్నీ చదివి పడీపడీ నవ్వాడు, దిల్షాద్ వీడియోలన్నీ తీసేయబోతుంటే అప్పుడు వచ్చింది రాజంపేట నుంచి ఒక వాయిస్ మెసేజి, ఎవరో పెద్దావిడ గొంతు, నాగేంద్రమ్మ అంటారు నన్ను, మాది బట్టల అంగడి, నాకు కుడిచెయ్యి పడిపోయి రెండేండ్లయింది తల్లీ, అందరూ కుడిచేత్తో చూపిస్తాండారు, నువ్వొక్కదానివే ఎడమచేత్తో కడతాండావు, ఇంగొంచెం నిదానంగా చూపీ, అంగడి నిండా చీరలు పెట్టుకుని నేను నైటీలో కూర్చుంటాండా.

ఆ గొంతును దిల్షాద్ ఎన్నిసార్లు విన్నదో, అబద్ధం చెప్పినట్టయింది కదా ఆ పెద్దావిడకు, ఎడమచేయి కాదమ్మా అది, ఫోను చేసిన మాయ అని చెప్పాలనుకుంది, చెప్పలేక తన కుడిచేతిని దుప్పట్టాతో వీపుకు కట్టేసుకుంది, ఒక్క ఎడమచేత్తో కట్టి చూద్దాం అనుకుంది, నడుం చుట్టూ తిప్పితే జారింది, కుచ్చిళ్ళు తీస్తే విచ్చుకున్నాయి, వారం రోజులు చీర గెలిచింది, మంచం మీద నుంచి చూస్తున్న అమ్మ చివరికి విసుక్కుంది, ఏమ్మే, పసిబిడ్డకు గుడ్డ ఎట్ల కడతావు, బిడ్డ చుట్టూ నువ్వు తిరుగుతావా, గుడ్డ పరిచి బిడ్డను దాని మీద పండబెడతావు గదా, అంతే, చీరను కుర్చీ మీద పరిచి దాని మీదే కూర్చుంటే నడుం వెనక ఇబ్బంది తీరిపోయింది, కుచ్చిళ్ళు ముందే కుట్టి నడుం పట్టీకి బిగించింది, పిల్లల బూట్లకు ఉండే అంటుకునే పట్టీ కొసలకు వేసింది, భుజం దగ్గర టిచ్ బటను, మొదటి చీర రాజంపేటకు పోయింది, పది రోజులకు నాగేంద్రమ్మ ఫోటో వచ్చింది, అంగట్లో గల్లాపెట్టె ముందు, ఆకుపచ్చ చీరలో, పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ, ఆ ఫోటో ఎక్కడెక్కడికి పోయిందో, కడప, బళ్ళారి, గల్ఫులో పనిచేసే ఆడవాళ్ళు తమ అమ్మలకు పంపమని అడిగారు, కింద గదిలో ఒక మిషను నాలుగయింది, నాలుగు పదకొండయ్యాయి, అక్బర్ ఆటో వెనక దిల్షాద్ కట్టు అని రాయించాడు, రాయించి తనే మొత్తుకున్నాడు, స్టాండులో అందరూ నన్ను దిల్షాద్ మొగుడంటాండారు, నా పేరే మరిచిపోయినారు.

అన్నీ బాగున్నప్పుడే షబీనా టీచరు పిలిచింది, పోయిన సోమవారం, పాప ఈ నెలలో నాలుగు దినాలు లేటుగా వచ్చిందమ్మా, అడిగితే అవ్వకు గుండీలు పెట్టొస్తాండా అంటాది, దిల్షాద్ అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది, ప్రపంచానికి చీరలు కుడుతూ పొద్దున్నే ఆర్డర్లు చూసుకుంటూ తాను కిందికి దిగిపోతోంది, పైన పిల్ల అవ్వ నైటీకి గుండీలు పెడుతోంది, ఎవరూ చెప్పకుండానే, తనకు కూడా అప్పట్లో ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే చేయి అయిపోయింది, ఇంటికి వచ్చి ఏడుస్తూ చెబితే అమ్మ, నేనెప్పుడూ నీ చీర కట్టలేదు గదా, నువ్వుండావులే అనుకుంటి, అంది, కెమెరా పెట్టు, అందరి ముందర కడతా, అప్పుడైతే మళ్ళీ మానుకునేకి సిగ్గయితాది నాకు.

అదిగో కూర్చుంది, పరిచిన చీర మీద, సరిగ్గా మధ్యలో, ఎడమ కొస ముందుకు లాక్కుంది, దాన్ని మోకాలి కింద నొక్కిపెట్టింది, ఇది తాను నేర్పలేదే, కుడి వైపు కొస అందడం లేదు, వంగింది, వేళ్ళు గాలిలో వెతుకుతున్నాయి, తెర మీద ఎవరో రాశారు, పాపం ముసలామెను ఇట్ల కష్టపెట్టి యాపారమా, ఇంకెవరో, కట్టియ్యక్కా, చూస్తాండావేమి, దిల్షాద్ చేయి దానంతట అదే ముందుకు పోయింది, చెయ్యి ఎనక్కి తీయ్ అంది అమ్మ, ఫోను వైపు కూడా చూడకుండా, పదివేల మంది విన్నారు, అమ్మ ఇంకొంచెం వంగింది, కొస అందింది, లాగింది, పట్టీ మీద పట్టీ పడింది, అరచేత్తో అదిమింది, కుచ్చిళ్ళు ఒడిలోంచి పాదాల మీదికి జారి నిలిచాయి, పైట పళ్ళతో పట్టుకుంది, భుజం మీద వేసుకుంది, టిచ్ బటను ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది, మూడోసారి టక్కుమన్న చప్పుడు గదంతా వినబడింది, పక్కనున్న బల్ల మీద చేయి ఊని అమ్మ లేచి నిలబడింది, ముదురు నీలం చీరలో, పదమూడేళ్ళ తర్వాత తన చీర తాను కట్టుకుని, కొంగు కొస తల మీదికి లాక్కుని, ఇప్పుడు చూపీప్పా అక్బరూ, కాళ్ళు కూడా రావల్ల, అంది.

కింద మిషన్లు ఆగిపోయాయి, పదకొండు మందీ మెట్ల మీదికి ఎక్కి వచ్చారు, తెర నిండా చప్పట్ల బొమ్మలు, మా అమ్మకు కావాల అక్కా, మా అత్తకు, నాకే కావాల, నాగేంద్రమ్మ మాట కూడా వచ్చింది, హుస్సేన్ బీ, నాకంటే నీకే బాగుండాది, అక్బర్ కళ్ళు తుడుచుకుంటూ ఫోను కదిలిస్తున్నాడు, ఆ వరదలో ఎవరో చిన్న మాట అడిగారు, పాప యాడికి పోయింది అక్కా, వీడియోల్లో పక్కనే ఉంటాది గదా, దిల్షాద్ చదివి జవాబు చెప్పింది, బడికి పోయింది, టైముకే పోయింది, చెప్పాక ఆ మాటలు తనకే వినిపించాయి, బడికి పోయింది, ఇన్నేళ్ళూ అమ్మ కోసం కుడుతున్నాననుకుంది, నాగేంద్రమ్మ కోసం, పేరు కోసం అనుకుంది, కాదు, ఈ చీర షబీనా కోసం, రేపు ఏ చేయి పడిపోయినా ఆ పిల్ల చేయిని ఎవరూ అడగకుండా ఉండడం కోసం, మరి ఎక్కడో ఇంకో తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పుడు ఎవరినో గోడకు ఆనించి నిలబెడుతూ ఉంటుంది, దిల్షాద్ ఫోనుకు దగ్గరగా జరిగింది, చీర సంగతి తర్వాత చూద్దాం, మీ వీధిలో ఇంట్లో ఒకరికి బాగాలేదని బడి మానేసిన పాప ఉంటే, నాలుగు దినాలే అని వాళ్ళు చెప్పినా నమ్మొద్దండి, లేసి ఒకసారి ఆ ఇంటికి పోయి ఆ పాపను చూసి రాండి.