పిచ్చుకమ్మకు ఆకలి లేదట

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. విజయవాడలో ఒక చిన్న అచ్చాఫీసులో పుట్టాను. నా కడుపులో ఉన్నది ఒకటే కథ. తల్లి పిచ్చుక దొరికిన గింజలన్నీ పిల్లకే పెట్టి, "నాకాకలి లేదురా కన్నా" అంటుంది. ప్రతి పేజీలోనూ అదే మాట. చివరికి పిల్లకు రెక్కలొస్తాయి. తల్లి మాత్రం చిక్కి చిక్కి, దూదిలా తేలికై గాలికి ఎగిరిపోతుంది, అదీ నవ్వుతూ. ఇది చదివి కళ్లు తుడుచుకోని పెద్దవాళ్లను నేను చూడలేదు. పిల్లలెవరూ ఏడవలేదు. వాళ్లది రాతిగుండె అనుకునేవాణ్ణి.

తెనాలిలో రెండో తరగతి చదివే హైమకు పద్యాల పోటీలో బహుమతిగా వెళ్లాను. వాళ్లమ్మ సీతారత్నం ముద్దలు పెడుతూ నన్ను చదివేది. ఆఖరి పేజీకొచ్చేసరికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకునేది. అందరి భోజనాలూ అయ్యాక గిన్నె గీకి, ఆ మాడు తింటూ, "నాకు మాడంటే ప్రాణం" అనేది. హైమ నమ్మింది. ఒకరోజు తమ్ముడు మాడు కావాలని పేచీ పెడితే, "అది అమ్మది" అని వాడితో కొట్లాడి మరీ దాచిపెట్టింది.

తర్వాత చాలా ఏళ్లు అట్టపెట్టెలో పడి ఉన్నాను. హైమ కూతురు లాలసకు ఐదో ఏడు వచ్చాక నాకు మళ్లీ వెలుగు కనిపించింది. హైమ సంబరంగా నన్ను ఒళ్లో పెట్టుకుని, పిల్లకు అన్నం తినిపిస్తూ చదవసాగింది. సగంలో లాలస అడిగింది.

"అమ్మా, పిచ్చుకమ్మకి కూడా నీకులాగా మాడే ఇష్టమా?"

హైమ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తానెప్పుడు మాడు తినడం మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు. గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. ఏ బొమ్మలోనూ తల్లి ఒక్క గింజ తినడం లేదు. నా ఒంటిమీద బొమ్మలే అయినా నేనూ చూసుకోలేదు. హైమకు భయం వేసింది. రేపు ఈ పిల్ల కూడా ఏ ఇంట్లోనో గిన్నె గీకుతూ ఇదే మాట అంటుందేమోనని భయం.

చేయి కడుక్కుని తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, నీకు మాడంటే నిజంగా ఇష్టమేనా?"

అవతల సీతారత్నం నవ్వింది. "ఎవరికిష్టం ఉంటుందే పిచ్చిదానా? నువ్వేమో అంత ప్రేమగా దాచిపెట్టేదానివి. కాదని ఎట్లా అననే?"

హైమ ఏడ్చింది. అది నా కథకు కాదు. లేచి తనకూ కంచం పెట్టుకుని, వేడన్నం వడ్డించుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. లాలస వంటింట్లోకి పరుగెత్తి మాడు గిన్నె తెచ్చింది.

"ఇదిగో, నీది."

"నాకు మాడు ఇష్టం లేదు నాన్నా. నాకూ ఆకలేస్తుంది."

లాలస కాస్త ఆలోచించింది. "మరి ముందే చెప్పొచ్చుగా."

ఇప్పుడు నా ఆఖరి పేజీలో తల్లి పిచ్చుక ముందు ఒక కంచం ఉంది. లాలస రంగు పెన్సిలుతో గీసింది. కంచం సొట్టగా ఉన్నా అన్నం మాత్రం పిచ్చుకకంటే ఎత్తుగా ఉంది. అదంతా తింటే ఏ గాలికీ ఎగిరిపోదు.