మాస్టారి నాలుక

ఆవిడ చెంచాడు మందు నోట్లో పోసుకుని, నాలుక మీద ఒక చుట్టు తిప్పి, పక్కనున్న పాత మగ్గులోకి ఉమ్మేసింది.

“పంచదార చాలదు,” అంది.

“పోయినసారి ఇంతే వేశాం కదా.”

“పోయినసారి గింజలు వేరు. ఇవి వేపుడులో మాడాయి.”

మాస్టారు పాకం గిన్నె అందుకుని జాడీలోకి ఇంకాస్త వంచాడు. స్పిరిట్‌లో రోజుల తరబడి నానిన కాఫీ గింజలు అడుగున నల్లగా పడి ఉన్నాయి. కలిపాడు, చెంచాతో తీసి ఆవిడకు అందించాడు. ఆవిడ మళ్ళీ నోట్లో తిప్పి ఉమ్మేసి, తల ఊపింది. ఆయన జాడీకి మూత బిగించాడు. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరి మధ్య ఇంత సజావుగా సాగిన వ్యవహారం ఇదొక్కటే.

వంటింట్లో కిటికీ పక్క బల్లంతా జాడీలే. ఒకదాంట్లో నారింజ తొక్కలు, ఒకదాంట్లో కాఫీ గింజలు, ఇంకోదాంట్లో వెనిగర్‌లో ఊరుతున్న గోళీలంత ఉల్లిపాయలు. ఉప్పునీళ్ళ గిన్నెలో ఆలివ్ కాయలు తేలుతున్నాయి. వాటి గింజ తీసి, ఆ బొక్కలో ఉల్లిపాయ ముక్క దూర్చి, పుల్లకు గుచ్చి సిద్ధం చేయాలి. మార్టినీ గ్లాసులో ఆ పుల్ల వాలి ఉంటే చూసేవాళ్ళకు అదొక అందం. గుచ్చేవాళ్ళకు వేళ్ళ సందుల్లో మంట.

మాస్టారు ఊళ్ళోని పెద్ద క్లబ్బులో బార్ కౌంటర్ వెనక నిలబడి జీవితమంతా గడిపాడు. బడిలో ఎవరికీ అక్షరమ్ముక్క నేర్పకపోయినా, మందు కలపడం నేర్చుకున్న కుర్రాళ్ళు పెట్టిన పేరు అది. ఇంటికొచ్చాక మాత్రం ఆయన ఆవిడకు బడి మాస్టారే. కూరలో ఉప్పు ఎక్కువ, చారులో పులుపు తక్కువ, టీ చప్పిడి నీళ్ళు. “నీకు నాలుక అనేది దేవుడు మాట్లాడటానికే ఇచ్చాడు,” అనేవాడు. ఆ మాట వినీ వినీ, తనకు నిజంగానే రుచి తెలియదేమోనని ఆవిడ కూడా నమ్మింది.

కొన్నేళ్ళ కిందట ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తిండి మీద సణుగుడు ఎక్కువైంది. ఏది పెట్టినా గడ్డిలా ఉందన్నాడు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ కునికిపాట్లు పడుతూ కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. తన కప్పు నోట పెట్టుకుని అదిరిపడి, ముందు గదిలోకి పరిగెత్తేసరికి ఆయన పేపరు చదువుతూ కప్పంతా ఖాళీ చేసి కింద పెడుతున్నాడు. “బాగుందా?” అని అడిగింది. “ఏదో ఉంది,” అన్నాడు. ఆవిడ తన కప్పు ఆయన ముందు పెట్టి, అందులో ఏముందో చెప్పింది. ఆయన అందులోంచీ ఒక గుక్క తాగి, కప్పు ఆవిడ వైపు తిరిగి జరిపాడు.

కాళ్ళనొప్పులని చెప్పి ఆయన కౌంటర్ పని మానేశాడు. ఇంటి దగ్గరే, కాక్‌టెయిల్లో కలిపే తియ్యటి నారింజ లిక్యూర్, కాఫీ లిక్యూర్, ఆలివ్ పుల్లలు, గ్లాసు అంచుకు తగిలించే నిమ్మతొక్క మెలికలు తయారు చేసి క్లబ్బుకు పంపడం మొదలుపెట్టాడు. చెయ్యి ఆయనది, నాలుక ఆవిడది. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ‘మాస్టారి సరుకు’ అన్న పేరు ఆ పూటతో సరి. రుచి తెలియని వాడు చేసిన మందు ఎవరు తాగుతారు?

ఆవిడ ఒక్క చుక్క కూడా మింగదు. మింగకపోయినా వాసన దాగదు కదా. నీళ్ళ దగ్గర, మెట్ల దగ్గర పొరుగింటావిడ ముక్కు ఎగబీల్చి, మాస్టారి పెళ్ళాం పొద్దున్నే మొదలుపెడుతుందని వీధంతా చాటింది. కూరగాయలవాడు కూడా ఒక రకంగా నవ్వడం మొదలెట్టాడు. ఆవిడ ఏడ్చి మొగుడితో చెప్పుకుంటే, “అనుకోనీలే. నువ్వు తాగుతావనుకుంటే మనకొచ్చే నష్టమేంటి?” అన్నాడు. ‘మనకు’ అన్నాడు. ఆ మాట ఆవిడకు ముల్లులా అలాగే ఉండిపోయింది.

ఆవిడ కోరింది పెద్దదేం కాదు. ఊరందరికీ చెప్పమనలేదు. నాలుగ్గోడల మధ్య, ఒక్కసారి, ‘నీ నాలుక లేకపోతే నేను లేను’ అని ఆయన నోటితో అంటే చాలు. చచ్చేలోపు ఆ మాట వింటానా లేదా అన్నది ఆవిడకు పంతం కూడా అయింది.

ఆ రోజు మధ్యాహ్నం క్లబ్బు నుంచి మనుషులు వస్తున్నారు. కొత్త సెక్రటరీ గారికి ఇంకొందరు కూడా లిక్యూర్ పంపిస్తామంటున్నారట. వాటిలో ఏది మంచిదో తేల్చాల్సింది మాస్టారే అని, ఇప్పుడు అక్కడ హెడ్ బార్‌మన్ అయిన శిష్యుడు కబురు పెట్టాడు. మాస్టారికి పొద్దుటి నుంచీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. గడ్డం గీసుకున్నాడు. అలమరలో అడుగునున్న తెల్ల చొక్కా తీయించి ఇస్త్రీ చేయించుకున్నాడు. మెలికల కోసం నిమ్మకాయల తొక్క చెక్కడానికి కూర్చున్నాడు.

ఆవిడ పక్కన నిలబడి చూసింది. తొక్క పైపైన కాగితంలా లేవాలి. కింద తెల్లటి పొర తగిలితే చేదు. ఒకప్పుడు ఆయన చాకు పెడితే తొక్క దానంతటదే విడిపోయేది. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. తొక్కతోపాటు తెలుపు కూడా మందంగా ఊడి వస్తోంది.

“తెలుపు పడుతోంది.”

“కనిపిస్తోందిలే.”

“పోయినసారి నారింజ జాడీ కూడా అట్లాగే చేదెక్కింది. వద్దన్నా పంపించారు.”

మాస్టారు చాకు ఆపాడు. “క్లబ్బు నుంచి ఎవడైనా ఫోన్ చేశాడా? చేదుందన్నాడా? నీకు ఈమధ్య మరీ ఎక్కువైంది. పోనీలే కదా అని నాలుగు రోజులు అడిగితే, నువ్వే పెద్ద మాస్టారువి అయిపోయావు.”

నాలుగు రోజులు! ఆవిడకు నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. మింగలేక కక్కలేక బతకడం ఆవిడకు మందుతోనే కాదు, మొగుడితోనూ అలవాటే.

వాళ్ళు వచ్చారు. సెక్రటరీ గారు సన్నగా, శుభ్రంగా, నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు. శిష్యుడు వంగి మాస్టారి కాళ్ళు తాకబోతే ఆయన వారించి, వారించినందుకు మురిసిపోయాడు. సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. చీటీలు చింపేసి ఉన్నాయి. మెడలకు ఒకటి, రెండు, మూడు అని కాగితం ముక్కలు కట్టారు.

మాస్టారు చొక్కా చేతులు మడిచాడు. జిన్ కొలిచాడు, వెర్మూత్ వైన్ చుక్కలు వేశాడు, ఒకటో సీసాలోంచి చెంచాడు లిక్యూర్ వేసి పొడుగు చెంచాతో మెల్లగా తిప్పాడు. చేతులకు ఆ పని తెలుసు. అంచుకు నిమ్మమెలిక తగిలించి, ఒక గుక్క తాగి, గ్లాసు పట్టుకుని లేచాడు. “ఐసు చాలదు,” అన్నాడు.

ఇది వాళ్ళిద్దరి ఏర్పాటు. ఐసు కోసమని గ్లాసు వంటింట్లోకి వస్తుంది. ఆవిడ అందులోంచి ఒక చెంచా తీసి రుచి చూస్తుంది. ఆయన గ్లాసుతో వెనక్కి వెళ్ళి, దాన్ని వెలుగుకెత్తి పట్టుకుని, కళ్ళు సగం మూసి ఆగుతాడు. వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైతే బాగున్నట్టు. మూత రెండుసార్లు చప్పుడైతే తీపి ఎక్కువ. కుళాయి తిప్పితే చేదు. ఆ చప్పుడు కోసం ఆయన ఆగే క్షణాన్ని, సరుకు కోసం ఇంటికొచ్చే శిష్యులు తపస్సు అనుకున్నారు. ఇప్పుడు క్లబ్బులో ప్రతివాడూ ఒక గుక్క తాగి, గ్లాసు వెలుగుకెత్తి కాసేపు ఆగుతున్నాడట. ఎందుకు ఆగుతున్నాడో వాడికీ తెలియదు.

ఒకటో గ్లాసుకు మూత ఒకసారి చప్పుడైంది. “ఇది పనికొస్తుంది,” అన్నాడు మాస్టారు. రెండోదానికి రెండుసార్లు. “పిల్లల మందులా ఉంది. తీపి తగ్గించమనండి.” శిష్యుడి కళ్ళు మెరిశాయి. సెక్రటరీ గారు కూడా కుర్చీలో ముందుకు జరిగాడు.

“మీ నాలుక అమోఘం మాస్టారూ. మీ ఇంట్లో భోజనం కూడా అమృతంలా ఉండాలి,” అన్నాడు.

మాస్టారు పకపకా నవ్వాడు. “ఆ అదృష్టం ఎక్కడిదండీ? మా ఆవిడకు ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియదు.”

ముగ్గురూ నవ్వారు. వంటింట్లో ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఉప్పు కాఫీ కప్పంతా తాగిన మనిషి ఆ మాట అన్నాడు.

మూడో గ్లాసు వచ్చింది. ఇస్తూ ఆయన ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ చెంచా నోట్లో పెట్టుకుంది. పెట్టుకోగానే తెలిసిపోయింది. ఇది తమదే. వద్దన్నా పంపిన జాడీ. ముందు నారింజ, వెనకే పాకం, ఆ వెనక గొంతు పట్టుకునే తెలుపు. తన బిడ్డ ఏడుపును తల్లి గుర్తుపట్టినట్టు పసిగట్టింది. ముందు గదిలో ఆయన గ్లాసు వెలుగుకెత్తాడు.

గిన్నె, మూత పక్కనే ఉన్నాయి. ఒక్క చప్పుడు చేస్తే ఈ పూట గండం గడిచిపోతుంది. ఆవిడకు అది బాగా తెలుసు. అబద్ధం చెప్పాల్సిందే అనుకుంది కూడా. కానీ చెయ్యి కుళాయి మీదికి పోయింది. చేదున్నదాన్ని చేదంటే తప్పేంటని మనసుకు చెప్పుకుంది. అయితే నిజం చెప్పడానికి ఆ చెయ్యి ఇంత తొందరపడటం ఎప్పుడూ లేదు. నీళ్ళు సింకులో దడదడా పడ్డాయి.

“ఛీ,” అన్నాడు మాస్టారు గ్లాసు కింద పెట్టి. “కటిక చేదు. ఎవడు చేశాడో గానీ, వాడికి తొక్క చెక్కడం రాదు, రుచి చూడటమూ రాదు. ఇలాంటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి.”

శిష్యుడు నేల చూపులు చూశాడు.

“మాస్టారూ... మూడోది మనదేనండి. పోయినసారి మీరు పంపింది. పేర్లు తెలియకుండా అన్నీ కలిపి చూపిద్దామని సెక్రటరీ గారు...”

మాస్టారు దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. తర్వాత నవ్వబోయాడు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది.

“శభాష్,” అన్నాడు సెక్రటరీ గారు. నిజంగానే మెచ్చుకున్నాడు, అందులో వెటకారం లేదు. “సొంత సరుకని కూడా చూడకుండా ఉన్నమాట అన్నారు. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదండీ. మరి మీరే తేల్చారు కాబట్టి ఇకమీదట ఆర్డరు ఒకటో సీసా వాళ్ళకే ఇద్దాం. మీరూ పెద్దవారయ్యారు, విశ్రాంతి తీసుకోండి. అప్పుడప్పుడూ వచ్చి మా వాళ్ళకు రుచి చూడటం నేర్పండి.”

వాళ్ళు వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర శిష్యుడు, “వస్తానండీ అమ్మగారూ,” అన్నాడు. ఆవిడ తల ఊపింది.

చాలాసేపటికి మాస్టారు వంటింట్లోకి వచ్చాడు. కిటికీ పక్క బల్ల దగ్గర, తన కుర్చీలో కూర్చున్నాడు.

“మనదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ తిప్పావా?”

“చేదుంటే తిప్పమన్నది మీరే కదా.”

ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడితే అనడానికి ఆవిడ దగ్గర ఇన్నేళ్ళ సరుకు సిద్ధంగా ఉంది. ఆయన మాత్రం బుట్టలోంచి ఒక నారింజ తీసి చాకు పెట్టాడు. మణికట్టును బల్లకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి, వణుకు ఆగినప్పుడల్లా కాస్త కాస్త చెక్కాడు. ఎంతసేపటికో ఒక తొక్క ఊడింది. దాన్ని సాసరులో పెట్టి ఆవిడ వైపు జరిపాడు.

“ఇది ఒకసారి చూడు. తెలుపు పడిందా? చేదుందా?”

ఆవిడ చూడలేదు.

“చూడవే. నువ్వు చెప్తేనే కదా నాకు తెలిసేది.”

“నాకేం తెలుస్తుంది? ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియనిదాన్ని,” అని, ఆరేసిన వడపోత గుడ్డలు తీయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఎండ దిగిపోతోంది. గుడ్డలు ఎండి బిరుసెక్కాయి, కాఫీ మరకలు మాత్రం పోలేదు. ఒక్కొక్కటీ దులిపి మడతపెడుతుంటే కోపం కొంచెం కొంచెంగా కిందికి దిగింది. అది దిగాక గానీ, ఆయన అన్న మాట చెవిలో పడలేదు. నువ్వు చెప్తేనే కదా నాకు తెలిసేది. ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం కాచుకుని కూర్చుందో ఆ మాటే అది. వచ్చింది. వచ్చినప్పుడు తాను మొహం తిప్పుకుంది. ఆవిడ మడతలు అక్కడే వదిలేసి గబగబా లోపలికి నడిచింది. చెప్పేద్దాం, తెలుపు ఉంటే ఉందని, లేకపోతే లేదని.

మాస్టారు కుర్చీలోనే ఉన్నాడు. తల తెల్లచొక్కా మీదికి వాలింది. చాకు కింద పడి ఉంది. “ఏమండీ,” అంది. భుజం పట్టుకుంది. మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా. భుజం ఆవిడ చేతిలో బరువుగా పక్కకు ఒరిగింది.

ఆవిడ కేకకు ముందుగా వచ్చింది పొరుగింటావిడే. తర్వాత వీధి. ఎవరో ఫోన్లు చేశారు, ఎవరో ఆయన్ని ముందు గదిలోకి చేర్చారు. పొరుగింటావిడ పక్కన చేరి, ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి ఓదారుస్తూనే, అలవాటు కొద్దీ ముక్కు ఒక పక్కకు తిప్పుకుంది. ఆవిడ పట్టించుకోలేదు. వంటింటి గుమ్మంలోంచి బల్ల వైపే చూస్తోంది.

సాసరులో ఆ తొక్క అలాగే ఉంది. అంచులు ముడుచుకుని ఎండిపోవడం మొదలైంది. ఒక కొస మీద, పచ్చిగా, ఆయన పళ్ళ గుర్తులు ఉన్నాయి.