కుప్పాయి పళ్ళపొడి

కుప్పాయి గొట్టం మాత్రను విప్పి, లోపలి పొడిని ఉప్పులో కలిపి, చూపుడువేలితో చిగుళ్ళకు రుద్దుకుంటోంది. పన్నెండేళ్ళుగా పొద్దున్నే ఇదే పని. ఒక్కో మాత్ర వారం రోజులు వస్తుంది. ఎర్రగా, నల్లగా ముద్దొచ్చే ఖాళీ గొట్టాన్ని పారేయబుద్ధి కాదు. మళ్ళీ మూసి బిస్కెట్ల డబ్బాలో వేసింది.

తమిళనాడులోని పాపారపట్టిలో వరదరాజన్ చింతపండు మండీలో ఆమెది రుచి చూసే పని. మూట విప్పగానే చిటికెడు నమిలి, ఇది కొత్తది, ఇది పాతది అని తేల్చేస్తుంది. ఆ మాటకు వరదరాజనే ఎదురు చెప్పడు. రోజంతా పులుపు నమిలితే పళ్ళేమవుతాయో పక్కవాళ్ళను చూసి తెలుసుకుంది. పళ్ళు పోతే ఆమె పీట ఇంకొకరిదవుతుంది. ఒకసారి పంటినొప్పికి మందుల అంగడిలో ఇచ్చిన మాత్రను మింగడానికి భయపడి, విప్పి పంట్లో నొక్కుకుంది. నొప్పి పోయింది. ఇక పళ్ళు పుచ్చకుండా కాపాడే మందు ఇదేననుకుంది. ఎవరినీ అడగలేదు, పిచ్చిది.

నాలుగు రోజులుగా దవడ కింద వాపు. పొడి రెట్టింపు చేసింది. అయినా ఈ రోజు నోరు సరిగా తెరుచుకోవడం లేదు.

"అత్తా, మొగం ఇట్లా వాచిందేమి? ఆస్పత్రికి పోదాం రా," అంది పక్క పీట మణిమేగలై.

"ఈ మూట చూసేసి వస్తాను."

చిటికెడు నోట్లో వేసుకుంది. రుచి తెలియలేదు. గొంతు దిగలేదు. ఈ వాపుకు కుప్పాయికి మొదటిసారి భయం వేసింది.

ధర్మపురి ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్ర చూపించి, ఇంతకుముందు ఇవి మింగావా అని తమిళంలో అడిగింది. కుప్పాయి తల అడ్డంగా ఊపింది.

"నేను మాత్రే మింగినది లేదు," అని మణిమేగలైతో గొణిగింది.

అబద్ధం కాదు. పళ్ళపొడి సంగతి మణిమేగలైకీ తోచలేదు.

మందు ఎక్కించారు, మార్చి ఎక్కించారు. వాపు గుండెల దాకా దిగింది. మూడోనాడు మధ్యాహ్నం, మణిమేగలై నీళ్ళు పట్టుకొచ్చేలోపు కుప్పాయి ఊపిరి ఆగిపోయింది. పంటికి మనిషి చచ్చిపోతుందా? మండీ అంతా కొయ్యబారిపోయింది.

ఒంటి మీద కప్పే చీర కోసం కుప్పాయి ఇంటికి వెళ్ళిన మణిమేగలైకి ఆ డబ్బా కనబడింది. అందులో ఉన్నవి ఆస్పత్రిలో చూపించిన మాత్రల గొట్టాలే. తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. ఆమె మూత తీసింది.

"ఇన్ని ఎవరు మింగినారు?" వాళ్ళలాగే డాక్టరమ్మకూ ఇంట్లో తెలుగే.

"మింగలేదమ్మా. పళ్ళు పుచ్చకుండా రుద్దుకునింది."

"దీనితో పళ్ళు పుచ్చకుండా ఉండవు. రోజూ తగిలితే క్రిములకే అలవాటైపోతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మందు పని చెయ్యదు."

 మణిమేగలై నాలుక తనంతట తానే వెనక పన్ను మీదికి పోయింది. నెల రోజులుగా తనూ రుద్దుకుంటోంది. కుప్పాయే నేర్పింది, ప్రేమగా.

బల్ల మీద డబ్బా తెరిచే ఉంది. ఖాళీ గొట్టాలు, ఎర్రమూతా నల్లమూతా కలిపి, ఒక్కొక్కటీ జాగ్రత్తగా మూసినవి.