తప్పుల్లేని ప్రార్థన

ఎవరైనా తెలుగు తప్పుగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పయ్యేళ్లు తెలుగు పంతులుగా పనిచేశాను, మండకపోతేనే ఆశ్చర్యపడాలి. "మాట అర్థమైతే చాలదా మాస్టారూ, ఇదేమన్నా పరీక్షా?" అని అడుగుతారు. చాలదు. ఎలాగూ కడుపు నిండుతుంది కదా అని అన్నంలో రాయి ఎవరూ నమలరు.

మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగం సికింద్రాబాదులో దొరికితే పద్మారావు నగర్‌లో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నా భార్య ప్రేమమణి ఉన్నన్నాళ్లూ నా నోటికి కళ్లెం ఆమే. "ఆ ఎర్రసిరా కలం బళ్లోనే వదిలేసి రండి. ఇంటికొచ్చినవాళ్లను కూడా దిద్దుతారా?" అని నవ్వేది. ఆమె పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. వార్తలు చదివేవాళ్లు మంచి భాషే మాట్లాడతారు గానీ, అన్నం తిన్నారా అని అడగరు.

ఇంటి ఓనరు శ్యామలమ్మ కింద ఉంటుంది. ఒకప్పుడు మెట్ల మీద కూర్చుని తన బాధలన్నీ నాతో చెప్పుకునేది. కోడలు ఏమన్నదో, నల్లాలో నీళ్లు ఎందుకు రావడం లేదో. నేను మధ్యలో ఆపి మాట సరిచేసేవాణ్ణి. ఆమె మళ్లీ సరిగా అని, ఎక్కడ ఆపిందో మరిచిపోయేది. రానురాను "బాగున్నరా సార్" దగ్గరే మా మాటలు ఆగిపోయాయి. ఆ రెండు ముక్కల్లో దిద్దడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మా చర్చి సంఘంలో ప్రతి గురువారం సాయంత్రం వంతులవారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. పాట పాడి, బైబిల్ వాక్యం చదివి, మోకాళ్లూని ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. పుస్తకం చూసి కాదు, నోటికొచ్చినట్టు. అదే నా బాధ. పోయిన ఏడు లూకా ప్రార్థన చేస్తుండగా నేను కళ్లు తెరిచాను. లూకా రైల్వేలో ఫిట్టరు. పుట్టి పెరిగింది ఇక్కడే, రెజిమెంటల్ బజార్‌లో. దేవుడితో కూడా బజార్లో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "మాట సరిగా పలకవయ్యా, మాట్లాడుతున్నది దేవుడితో" అన్నాను. అతడు మోకాళ్ల మీద అట్లాగే ఆగిపోయాడు. ఎవరో గబగబా ఆమేన్ అనేశారు. నేనన్నది న్యాయమేనని ఇప్పటికీ అంటాను. గవర్నరుకు అర్జీ రాస్తే నాలుగుసార్లు దిద్దుకోమా?

ఈ జూలైలో నా కడుపులో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఆపరేషన్. డాక్టరు భయం లేదంటూనే, మీ తరఫున ఎవరైనా వస్తారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. బస్సు దిగి ఇంటికొచ్చేదాకా నాకు భయం తెలియలేదు. తాళం తీసి లోపల అడుగుపెట్టాక తెలిసింది. ప్రేమమణి ఉంటే నా తల మీద చెయ్యి పెట్టి, నా పేరు చెప్పి దేవుణ్ణి అడిగేది. నాకోసం ఒక మనిషి పైకి, నాకు వినబడేట్టు ప్రార్థన చెయ్యాలి. నాకు కావలసింది అంతే. సంఘంలో చెప్పి, ఆ గురువారం ప్రార్థన మా ఇంట్లో పెట్టించాను.

అందరూ వచ్చారు. చాపలు పరిచాను, టీ కాచి ఫ్లాస్కులో పోశాను, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాను. పాట అయింది. వాక్యం అయింది. మోకాళ్లూనాం. నేను తల వంచి ఎదురుచూశాను. ఎవరూ నోరు విప్పలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఎవరో దగ్గారు. చివరికి కాంతమణి అని, ఏదో ఆఫీసులో టైపిస్టు, సన్నగా ప్రభువు ప్రార్థన అందుకుంది. అమ్మయ్య అన్నట్టు అందరూ గొంతు కలిపారు. అందరికీ చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిన ప్రార్థన, అందులో తప్పు పడే వీల్లేదు. అందులో నా పేరూ లేదు, నా రోగమూ లేదు. ఆమేన్ అన్నారు, టీ తాగారు, "ధైర్యంగా ఉండండి మాస్టారూ" అన్నారు, మెట్లు దిగిపోయారు.

కాంతమణి గొడుగు మరిచిపోయింది. అది తీసుకుని వెనకాలే బయలుదేరాను. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి గేటు దగ్గర శ్యామలమ్మ గొంతు వినిపించింది.

"ఏందీ, గింత జల్దీ అయిపోయిందా? మొన్న పక్కింట్ల గంట సేపు జేసిండ్రు గదా! సార్‌కు ఆపరేషన్ అంట, జెర మంచిగ జెయ్యకపోతిరా."

"సార్ ముంగట నోరు రాదమ్మా" అన్నాడు లూకా. "ఏడ తప్పు వోతదో అని గుండె దడదడ కొట్టుకుంటది."

"అయితే ఈడ జెయ్యుండ్రి. ఈడ దిద్దేటోళ్లు ఎవ్వరు లేరు."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. వాళ్లంతా గేటు పక్కన గుంపుగా నిలబడి కళ్లు మూసుకున్నారు. లూకా మొదలుపెట్టాడు.

"ప్రభువా, మా సార్ ఒక్కడే ఉంటడు. ప్రేమమణమ్మ పోయినంక ఆయనతోని మాట్లాడేటోళ్లు లేరు. మేం సుత మాట్లాడతలేం, భయానికి. కోపం జేస్తడు గానీ మనసుల ఏముండదు. ఆయనను మళ్ల మా నడుమకు తీస్కరా ప్రభువా, వచ్చి మమ్ములను తిట్టనీ. పరేషాన్ గానియ్యకు. సోమారం నాడు ఆ డాక్టర్ చెయ్యి జెర నువ్వు..."

నాకు ఏడుపొచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను, అందులో తప్పులన్నీ నా చెవికి తగిలాయి, ఒక్కటీ తప్పించుకోలేదు. అయినా ఆ ప్రార్థన అయ్యేలోగా వాళ్ల మధ్య నిలబడాలనిపించింది. నాకోసం చేస్తున్న ప్రార్థనకు నేను ఆమేన్ అనకపోతే ఎలా? గబగబా దిగాను. చెప్పుల చప్పుడుకు లూకా కళ్లు తెరిచాడు. నన్ను చూసి ఠక్కున నోరు మూసుకున్నాడు.

"కానివ్వు లూకా, ఎట్లా వస్తే అట్లా కానివ్వు" అన్నాను. బతిమాలుకుందామనే అన్నాను. నా గొంతు మాత్రం పంతులు గొంతులాగే వచ్చింది.

అతడు నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ, "ప్రభువైన దేవా, మా గురువుగారైన జీవరాజు గారికి సంపూర్ణ స్వస్థతను దయచేయుము. ఆమేన్" అన్నాడు. అని, తప్పు దొర్లిందా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"బాగుంది" అన్నాను. ఇంకేమనను?

కాంతమణికి గొడుగిచ్చాను. వాళ్లు వెళ్లిపోయారు. శ్యామలమ్మ "పొయ్యి పండుకోండ్రి సార్" అని లోపలికి పోయింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. లూకా ప్రార్థనలో ఒక్క తప్పు లేదు. డాక్టరు చెయ్యిని ఏం చెయ్యమని దేవుణ్ణి అడగబోయాడో మాత్రం అతడు చెప్పనేలేదు.