నీళ్ళకి నాలుగు జన్మలు

కూరగాయలు కడిగిన నీళ్ళను ఆమె పారబోయలేదు. ఆ ఇంట్లో నీళ్ళకి నాలుగు జన్మలు. మొదట కూరగాయలు, తర్వాత జిడ్డు గిన్నెలు, ఆ పైన నేల, చిట్టచివర బాత్రూం గచ్చు. అప్పటికి గానీ వాటికి మోక్షం లేదు.

అపార్ట్‌మెంటులో ఇంటింటికీ నీళ్ళ మీటర్లు బిగించి రెండు నెలలైంది. హద్దు దాటి వాడితే రేటు రెట్టింపు. మొదటి నెలే వీళ్ళిల్లు ఆ హద్దు దాటి, వెనక్కి తిరిగి చూసినా కనబడనంత దూరం వెళ్ళిపోయింది.

"కోడలు కాలుపెట్టిన వేళావిశేషం! మీటరు పరుగో పరుగు" అంది అత్తగారు. కోడలు కాలుపెట్టి పదేళ్ళయింది.

అయినా ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తన స్నానం రెండు చెంబులకి కుదించుకుంది. తలంటుకోవడం మానేసింది. ఆఫీసులో పక్క సీటావిడ ముక్కు చిట్లించి కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఆ కుర్చీ కాళ్ళ చప్పుడు సాయంత్రం దాకా ఆమె చెవుల్లో గీరుతూనే ఉంది. ఎక్కడ ఒలకబోస్తున్నాను, ఏ గిన్నె దగ్గర తప్పు చేస్తున్నాను అని బస్సులో కూడా అదే ఆలోచన. నేరం తనదేనని ఎంత గట్టిగా నమ్మిందంటే, షవరు కింద మొగుడి ఒక్కో పాటకి ఒక్కో చెరువు ఖాళీ అవుతోందనీ, కుళాయి తిప్పి వదిలేసి గీసుకునే గడ్డానికి ఇంకో కుంట పోతోందనీ ఆమెకి తోచనే లేదు.

రెండో నెలా మీటరు పరుగు తగ్గలేదు. ఆదివారం అపార్ట్‌మెంటు వాళ్ళ మీటింగులో సెక్రటరీ అందరి ముందూ అడిగేశాడు.

"ఏమ్మా, ఇంట్లో ఏనుగునేమన్నా సాకుతున్నారా?"

అందరూ నవ్వారు. మొగుడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"మా ఆవిడ చెయ్యి కాస్త ధారాళమండీ. ఎంత చెప్పినా చెవికెక్కదు."

అప్పుడే స్నానం చేసొచ్చిన అతని జుట్టులోంచి ఓ నీటిచుక్క జారి ఆమె మోచేతి మీద పడింది. చల్లగా, సబ్బు వాసనతో. ఆమె దాన్ని చూసింది. జిడ్డుకట్టిన తన ముడిని తడుముకుంది. సిగ్గు అప్పుడూ పోలేదు, ఇంకా పెరిగింది. కాకపోతే ఈసారి, ఇన్నాళ్ళూ వాళ్ళ మాటలు నమ్మినందుకు.

లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఇంటికో మీటరు పెట్టారు, బాగుంది. మనిషికో మీటరు దొరుకుతుందా? ముందు నాకు బిగించండి."