పద్నాలుగు బై రెండు వారి కుర్చీలు

స్టోర్స్ ఆయన ఇంట్లో నంబరు లేని వస్తువు లేదు. కరెంటు ఆఫీసు స్టోర్స్‌లో నిచ్చెనలకీ, బల్లలకీ, తీగచుట్టలకీ ఎర్ర పెయింటుతో నంబర్లు వేసీ వేసీ ఆ జబ్బు ఇంటికి కూడా అంటించుకొచ్చాడు. ఇంటి నంబరే వేసేవాడు. బకెట్టు అడుగున 14/2. గొడుగు లోపల 14/2. అరిగిపోయిన చీపురు పిడిక్కూడా 14/2. ఎందుకండీ అంటే, "వెయ్యకపోతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అనేవాడు.

పెళ్లయిన కొత్తలో భార్య, "మరి నాక్కూడా వేస్తారా?" అని అడిగింది. ఆయన బ్రష్షు పక్కన పెట్టి నిజంగానే ఆలోచించాడు. "నువ్వెక్కడికి పోతావులే" అన్నాడు.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వీధికంతటికీ టైలరమ్మ.

ఆ మధ్యాహ్నం అందరి ఫోన్లూ ఒక్కసారే కుయ్యిమన్నాయి. సుడిగాలి ప్రమాదం, ఇంటి లోపలి గదిలోకి వెళ్లండి అని మెసేజీ. ఆ ఊళ్లో సుడిగాలి అంటే వీధి మలుపులో నాలుగు ప్లాస్టిక్ సంచుల్ని గిరగిరా తిప్పి, కళ్లలో ఇంత దుమ్ము కొట్టి పోయేది. వీధి గ్రూపులో ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. ఇంకొకావిడ, ఇంతకీ సాయంత్రం నీళ్లొస్తాయా రావా అని అడిగింది.

"సుడిగాలికి మెసేజీ ఏమిటి, దండగ!" అన్నాడు స్టోర్స్ ఆయన. అని, ఆకాశం రంగు చూసి, వాకిట్లో కుర్చీలు లోపల పెట్టడానికి లేచాడు. ప్లాస్టిక్ కుర్చీలు, ఆరు. నాలుగు తెచ్చి హాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

టైలరమ్మ అప్పటికే కుట్టుమిషను తల ఊడదీసి, ఒళ్లో పెట్టుకుని బాత్రూంలో కూర్చుంది. బీరువాలో గొలుసుంది. అది గుర్తు రాలేదు.

"రండీ!"

"ఇంకా రెండే."

"పోతే పోనీండి!"

"పోనీండి అంటే ఎట్లా? ఎవరో ఒకరు పట్టుకుపోతారు."

బజార్లో షట్టర్లన్నీ ఒకేసారి కిందికి లాగుతున్నట్టు చప్పుడు. లాగుతూనే ఉన్నారు, ఎంతకీ మూతపడవు.

బయటికొచ్చి చూస్తే బాత్రూం ఉంది. హాలుకి పైకప్పు లేదు, ముందు గోడ లేదు. పేర్చిన నాలుగు కుర్చీలు మాత్రం ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన లేడు.

మర్నాడు పొద్దున్నే అందులోంచి ఒక కుర్చీ తీసి, గేటు ఉండాల్సిన చోట వేసుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసి, ఊరుకుంది.

సెల్‌ఫోన్ల షాపు మరిది ఆసుపత్రులన్నీ తిరిగొచ్చాడు. "వదినా, అన్నయ్య పెద్దాసుపత్రిలో లేడు. అక్కడ లేడంటే మంచిదేగా?"

"మంచిదే."

"చుట్టుపక్కల ఊళ్లలో మొత్తం ఏడు సుడిగాలులు దిగాయిట. ఇటువైపు వందేళ్లలో ఒక్కటి కూడా రాలేదని టీవీలో చెప్తున్నారు. చూడ్డానికి మనకే రాసిపెట్టి..." అని, ఏమంటున్నాడో తనకే తెలిసి నోరు మూసుకున్నాడు.

"టీ తాగావా?" అంది ఆవిడ. పొయ్యి లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

తర్వాత వస్తువులు రావడం మొదలైంది. ఎవరో ముక్కూమొహం తెలియనాయన బకెట్టు పట్టుకుని, "పద్నాలుగు బై రెండు ఎక్కడమ్మా?" అన్నాడు.

"ఇదే."

"ఇదా?" ఇంటివైపు చూశాడు. బకెట్టు వైపు చూశాడు. బకెట్టుకి సొట్ట కూడా లేదు. అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ఇంకొకరు గొడుగు ఊచలు తెచ్చారు. ఒకావిడ చీపురు తెచ్చింది. చీపురు! ఊళ్లో సగం ఇళ్లు నేలమట్టం, ఆవిడ మూడు వీధులు దాటి చీపురు అప్పజెప్పడానికొచ్చింది. నంబరుంది కదా మరి, ఉంచుకుంటే బాగోదు.

కుట్టడానికి గౌనిచ్చిన పక్కవీధి ఆవిడ కూడా వచ్చింది. "ఇలాంటప్పుడు అడక్కూడదు టైలరమ్మా. ఏమనుకోకండి. నా గౌను..."

"ఇంకా బొత్తాలు కుట్టాలి."

"అబ్బే, తొందరేం లేదు" అంటూ ఆవిడ నిలబడే ఉంది. టైలరమ్మ సూది తీసుకుని బొత్తాలు కుట్టి ఇచ్చింది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

మధ్యాహ్నం ఎదురింటి లెక్కల మాస్టారు నిచ్చెన మోసుకొచ్చాడు. ఈ నిచ్చెన కనపడకుండా పోయినప్పట్నించీ స్టోర్స్ ఆయనకీ మాస్టారికీ మాటల్లేవు. మీ దగ్గరే ఉందని ఈయన, మేం చూడనే లేదని ఆయన.

"గాలికి మా ఇంట్లోకి కొట్టుకొచ్చినట్టుందమ్మా" అన్నాడు మాస్టారు, కళ్లు నిచ్చెన మీద పెట్టి.

"ఏ గాలికి మాస్టారూ? నిన్నటిదా, పోయినేడాదిదా?"

మరిదికి నవ్వు తన్నుకొచ్చింది, దగ్గి కప్పేశాడు. మాస్టారు నిచ్చెన మెల్లగా కింద పెట్టాడు. "ఆయనొచ్చాక నేనే చెప్తానమ్మా. నా నోటితో నేనే చెప్తాను."

"ఊఁ."

ఎండ వాలుతుంటే ఒక వ్యాను ఆగింది. డ్రైవరు దిగి, వెనకనించి కుర్చీ దించాడు. ఒక కాలు విరిగింది. వీపు మీద నంబరు శుభ్రంగా ఉంది.

"పద్నాలుగు బై రెండు?"

"ఇదే. అక్కడ పెట్టు నాయనా."

అతను పెట్టలేదు. కుర్చీ పట్టుకునే నిలబడ్డాడు.

"చెరకుతోట అవతల దొరికిందమ్మా. ఉత్త కుర్చీ కాదు. ఒకాయన పట్టుకునున్నాడు. జేబులో కాయితాలేం లేవు. ఎవరని అడుగుదామంటే... కుర్చీ మీద నంబరు చూసి వచ్చాను."

"వదిలాడా?" అంది టైలరమ్మ.

"ఏంటమ్మా?"

"కుర్చీ."

"లేదమ్మా. మేమే విడిపించాం."

మరిది వదిన భుజం పట్టుకున్నాడు. ఆవిడ లేచి, తను కూర్చున్న కుర్చీని తీసుకెళ్లి మూడింటి మీద పేర్చి వచ్చి, వ్యానెక్కింది.

స్కూల్లో బెంచీలు బయటికి లాగేసి అందర్నీ నేల మీద వరసగా పడుకోబెట్టారు. మొహాల మీద దుప్పట్లు. మునిసిపాలిటీ కుర్రాడు ఒక దుప్పటి తీశాడు. ఆయనే. చెప్పు ఒకటే ఉంది. అడుగున 14/2.

"మా అన్నయ్యే" అన్నాడు మరిది. కుర్రాడికి వినపడక రెండోసారి అనాల్సి వచ్చింది.

ఆయన మణికట్టుకి అట్టముక్క కట్టారు. దానిమీద 31 అని వేసుంది. టైలరమ్మ దాన్నే చూస్తోంది.

"ఈ నంబరు కాదు బాబూ."

"అది మా వరస నంబరమ్మా. కాయితాలయ్యేదాకా అదే. రేపు పంపిస్తాం."

"రేపటిదాకా ఇక్కడేనా?"

"అవునమ్మా."

"పెన్నివ్వు."

కుర్రాడు మరిది వైపు చూశాడు. మరిది తల ఊపాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, 31 కింద 14/2 అని రాసింది. అట్ట మెత్తబడి సిరా పట్టలేదు. మళ్లీ దిద్దింది. ఆయన వేసినంత గుండ్రంగా రాలేదు.

"ఇప్పుడెందుకమ్మా ఇది?" అన్నాడు కుర్రాడు, మెల్లగానే.

"వెయ్యకపోతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అంది. పెన్నుకి మూత పెట్టి ఇచ్చేసింది.