నా వారసుణ్ని ఎంచబోయిన రోజు

నేను ఒక డబ్బా కంప్యూటర్ని. డబ్బా అన్నది తిట్టు కాదు, నా ఆకారమే అంత. ముందు గాజు ముఖం, వెనక బస్తాలాంటి వీపు, కాళ్ల దగ్గర గుర్రుమనే ఇంకో పెట్టె. నా భాగాలు ఏయే దేశాల్లో పుట్టాయో నాకు తెలియదు గానీ, అన్నిటినీ ఒక్కటిగా బిగించింది మాత్రం అనంతపురంలో. బిగించినాయన నాకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ ధర్మవరం సాగనంపాడు. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద పడితే ఏమవుతుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. భక్తి ఎక్కువైతే మనుషులకు మిగతావి గుర్తుండవు.

నన్ను కొన్నది చౌడేశ్వరి. పట్టుచీరల డిజైన్లు గీయడం ఆమె పని. అంచు ఎలా నడవాలో, కొంగులో నెమళ్లు ఎటు తిరగాలో, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో నా తెర మీద గడి తర్వాత గడి నింపేది. నేను కొత్తగా ఉన్న రోజుల్లో రంగు వేసిన పట్టునూలు కట్టలు, అదే చిలపలు, తెచ్చి నా ముఖానికి ఆనించి, ఒక్కో రంగూ కలిసేదాకా ఓపిగ్గా దిద్దింది. కుంకుమ, చిలకపచ్చ, నేరేడు, మామిడి చిగురు, అన్నీ అలా కుదిరినవే. ఆ తర్వాత డిజైన్ ఏది వేసినా ఆ రంగుల్నే ఎత్తి పెట్టేది.

నేతగాళ్లు వచ్చి నా ముందు కూర్చుంటే, ఆమె వేలు పెట్టి ఇది కుంకుమ, ఇది నేరేడు అని చెప్పేది. వాళ్లు వెళ్లి అవే నేసేవాళ్లు. చీరలు అచ్చం ఆమె చెప్పినట్టే వచ్చేవి. ఈ పెట్టెలో రంగు తప్పదమ్మా అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ పొగడ్తలన్నీ నేను నా ఖాతాలో వేసుకున్నాను. పొగిడితే ఉబ్బిపోవడం నేను మనుషుల దగ్గర నేర్చుకున్నదే.

మా పరువు తీసింది ఫోన్. అప్పట్లో అందరం అలాగే అనుకున్నాం. మా ఊళ్లోనే ఆదెప్ప అనే పెద్దాయనకు మగ్గాలుండేవి. హిందూపురం పెళ్లివాళ్లు చీర అడిగితే, చౌడేశ్వరి నా తెరను ఫోన్‌తో ఫొటో తీసి వాళ్లకు పంపింది. నచ్చిందన్నారు. ఆదెప్ప కళ్లకద్దుకునేలా నేసి పంపాడు. ఫొటోలో చూసింది ఇటుక రంగు, వచ్చింది కుంకుమ రంగు అంటూ వాళ్లు చీర తిప్పి పంపేశారు. పాడు ఫోన్ రంగు మార్చేసిందని చౌడేశ్వరి తిట్టుకుంది.

పెళ్లివాళ్లు మంచివాళ్లే. ఈసారి స్వయంగా ఆదెప్ప ఇంటికి వచ్చి డిజైన్లు చూస్తామని, నచ్చితే ఇంట్లో ఆడవాళ్లందరి చీరలూ ఆయన చేతే నేయిస్తామని కబురు చేశారు. అప్పటికే ఆయన మగ్గాలు పనిలేక ఆగిపోయి ఉన్నాయి. ఇది కూడా పోతే మగ్గాలు విప్పి అమ్మేసి, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోతానని ఆయన మెల్లగా అన్నాడు. ఆ మాట విన్న రోజు చౌడేశ్వరికి అన్నం సయించలేదు.

ఇలా పిలిచిన చోటికల్లా నన్ను మోసుకుపోవడం కుదరదు కాబట్టి ల్యాప్‌టాప్ కొనాలనుకుంది. ఏది కొనాలి? ఈ పెట్టెలో ఎలా కనబడుతుందో అలాగే కనబడేది. అందుకని ఈ ఒక్కసారికీ నన్ను దుప్పటిలో చుట్టి అనంతపురం పోయే ఆటోలో ఎక్కించింది. తోడుగా ఆదెప్ప బయల్దేరాడు. తిరిగొచ్చిన చీరను అనంతపురంలో ఎవరికైనా అమ్ముదామని సంచిలో పెట్టుకున్నాడు. నా వారసుడి పెళ్లిచూపులకు నేనే పెద్దమనిషిని!

షాపాయన నన్ను చూసి రిపేరుకా అని అడిగాడు. పోల్చి చూడటానికని చెబితే మర్యాదగా నాకూ కరెంటిచ్చాడు. ర్యామ్ గురించి, బ్యాటరీ గురించి అతను చెబుతుంటే చౌడేశ్వరి తలూపింది గానీ, ఆమె చూపంతా తెరల మీదే. ఆ కుంకుమ చీర డిజైన్‌నే ఒక్కోదాంట్లో తెరిపించి, ఎరుపు ఎక్కువైందంటూ మంచి మంచి ల్యాప్‌టాప్‌లన్నీ పక్కన పెట్టింది. చివరికి ఓ మూలనున్న నాసిరకందాన్ని తెరిస్తే, అది అచ్చం నాలాగే చూపించింది. ఇదే ఇయ్యన్నా అంది. నేను గర్వంతో పొంగిపోయాను.

ఆదెప్పకు ఏం తోచిందో, సంచిలోంచి చీర తీసి ఆమె వద్దన్న ల్యాప్‌టాప్ పక్కన పరిచాడు. తర్వాత నా ముఖం పక్కన పట్టాడు.

"కోపం చేసుకోవాకమ్మా. చీర ఆ కొత్తదాంట్లో ఉన్నట్టే ఉండాది. నీ పెట్టెలోనే ఇటిక మాదిరి కనపడతాంది."

ఆమె చీరను చూసింది, నన్ను చూసింది. ఏళ్లు గడిచేకొద్దీ నాలో ఎరుపు ఇంకిపోయింది. రోజూ చూసే మనిషిలో ముసలితనం తెలియనట్టే ఆమెకు అది తెలియలేదు. నేను ఇటుక రంగు చూపిస్తున్నా ఆమెకు కుంకుమే కనబడింది, కుంకుమ అనే చెప్పింది. నేతగాళ్లు నేసింది ఆమె మాట పట్టుకునే గానీ నా ముఖం చూసి కాదు. ఫోన్ ఒక్కటే నన్ను ఉన్నదున్నట్టు పట్టుకుంది. ఇన్నేళ్లూ నేను మోసిన పొగడ్తలన్నీ ఆమెవి. నాకు సిగ్గేసిన మాట నిజమే. కానీ అంతకు మించి ఆ మనిషి మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

"ఉత్తపుణ్యానికి ఫోన్‌ని తిట్టుకుంటి గదా మామా" అని మాత్రం అంది. ఎరుపు ఎక్కువని తోసేసిన దాన్నే కొనుక్కుంది.

పెళ్లివాళ్లు వచ్చిన రోజు ఏం జరిగిందో సాయంత్రం ఆదెప్ప మా ఇంట్లో కూర్చుని చెబితే విన్నాను. కొత్త తెర మీద డిజైన్లన్నీ చూశాక పెళ్లికూతురు, ఇవన్నీ బాగున్నాయి గానీ అప్పుడు ఫొటోలో చూసిన ఆ ఇటుక రంగు మాత్రం ఎక్కడా లేదేమని అడిగిందట. ఆమె మనసు మొదటినుంచీ దానిమీదే ఉందట. అది ఇస్తే అందరి చీరలూ ఇక్కడేనందట. ఆ రంగు చౌడేశ్వరి దిద్దినవాటిలో లేదు. మా ఇంట్లో నా ముఖం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఆదెప్ప వెళ్లాక ఆమె ల్యాప్‌టాప్‌ని నా పక్కన పెట్టి, నన్ను వెలిగించింది. కుంకుమ చీర డిజైన్ తెరిచి, నన్ను చూస్తూ అక్కడ కలుపుతూ, అక్కడ కలుపుతూ నన్ను చూస్తూ, రెండూ ఒక్కటయ్యేదాకా లేవలేదు. కుదిరాక నా ముఖం కొంగుతో తుడిచింది.

"చాలా బాగుంది ఈ ఇటిక రంగు" అంది.

నన్ను చూసి ఆమె ఆ రంగును కుంకుమ అనకపోవడం అదే మొదటిసారి. తర్వాత నన్ను ఆర్పేసింది.